ఫిగర్ స్కేట్ల నుంచి హాకీ స్కేట్లకు మారినప్పుడు వెనక్కి తూలడం ఎందుకు?

ఫిగర్ స్కేటింగ్ బాగానే వచ్చినా హాకీ స్కేట్లు వేసుకోగానే వెనక్కి తూలిపోతున్నానని, టో పిక్ (ఫిగర్ బ్లేడ్ ముందుకొనన ఉండే పళ్లు) లేకపోవడమే దీనికి కారణమా అని మీరు అడిగారు. నేను కూడా ఫిగర్ స్కేటింగ్ నేర్చుకున్న తరువాతే హాకీకి వచ్చాను కాబట్టి ఈ ఇబ్బంది నాకు బాగా తెలుసు. దీనికి కారణం బ్లేడ్ ముందుభాగంలో లేదు, వెనుకభాగంలో ఉంది.

ఫిగర్ బ్లేడ్ బూటు మడమను దాటి వెనక్కి సాగి ఉంటుంది; అందువల్ల శరీరం కొంచెం వెనక్కి వాలినా కింద ఆధారం దొరుకుతుంది. హాకీ బ్లేడ్ పొట్టిది, రెండు చివర్లా పైకి వంపు తిరిగి ఉంటుంది కనుక బరువు మడమ మీదికి జారిన మరుక్షణమే కాళ్లు ముందుకు వెళ్లిపోతాయి. వెన్ను నిటారుగా నిలిపి జారే ఫిగర్ అలవాటు ఇక్కడ పనికిరాదు. మోకాళ్లను కాలివేళ్లకన్నా ముందుకు వచ్చేంతగా వంచి, మోకాలి కింది కాలు ముందుభాగం బూటు నాలుకకు ఆనుకునేలా నిలబడితే తూలడం చాలావరకు తగ్గుతుంది. మొదట్లో గోడ పట్టుకుని నిలుచుని, బరువును నెమ్మదిగా ముందుకూ వెనక్కీ మారుస్తూ బ్లేడ్ ఎక్కడిదాకా మోయగలదో పాదాలకు తెలియనివ్వడం నాకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది.

టో పిక్ విషయానికి వస్తే, సరిగ్గా నేర్చుకున్న ఫిగర్ స్కేటర్ దానితో మంచును తన్ని ముందుకు పోడు. బ్లేడ్ అడుగున ఉండే రెండు అంచుల్లో లోపలి అంచుతోనే తోస్తాడు. టో పిక్ నిజంగా అవసరమయ్యేది టో లూప్, ఫ్లిప్, లట్జ్ వంటి గెంతుల్లో. గిరగిరా తిరగడానికి టో పిక్ వెనుకనే ఉండే, వంపు ఎక్కువగా ఉన్న చిన్న భాగం ఉపయోగపడుతుంది. మిగతా పొడవునా ఫిగర్ బ్లేడ్ వంపు సాధారణంగా 7 లేదా 8 అడుగుల వ్యాసార్ధంతో ఉంటే, హాకీలో 9 నుంచి 11 అడుగులు ఎక్కువగా కనిపిస్తుంది. మందం కూడా ఫిగర్ బ్లేడ్‌కు సుమారు 4 మిల్లీమీటర్లు, హాకీ బ్లేడ్‌కు సుమారు 3. ఈ వంపు తేడా వల్లే త్రీ టర్న్ (ఒకే పాదం మీద దిశ మార్చే మలుపు) తిరిగేటప్పుడు మీరు అలవాటు పడిన చోట కాకుండా బ్లేడ్ నడిమికి దగ్గరగా తిరగవలసి వస్తుంది.

తోపులో కూడా తేడా ఉంది. ఫిగర్‌లో ఒక తోపు తరువాత ఒకే అంచు మీద చాలాసేపు జారుతాం. హాకీలో కాలిని పక్కకు బలంగా తోసి, వెంటనే శరీరం కిందికి లాక్కుని మరో తోపుకు సిద్ధమవుతాం. వెనక్కి వెళ్లేటప్పుడు లోపలి అంచుతో అర్ధచంద్రాకారంగా మంచును కోస్తాం. అయితే బయటి అంచు మీద ధైర్యంగా వాలగలగడం మీకు ఇప్పటికే వచ్చు. హాకీతోనే మొదలుపెట్టిన చాలామందికి దానికి ఎంతో కాలం పడుతుంది.

పదును పెట్టించేటప్పుడు మొదట బ్లేడ్ అడుగున రెండు అంచుల మధ్య ఉండే గాడి లోతు తక్కువగా ఉంచమని అడగండి. లోతైన గాడి మంచును గట్టిగా పట్టి, రెండు పాదాలూ అడ్డంగా తిప్పి ఆగే హాకీ స్టాప్‌ను కష్టం చేస్తుంది. మీ ఫిగర్ స్కేట్లను మాత్రం వాటి పని తెలిసినవారికే ఇవ్వండి. హాకీ బ్లేడ్లకు చేసినట్టే చివరిదాకా అరగదీస్తే టో పిక్ అడుగు పన్ను పోతుంది.