సింథ్‌కి గిటార్ రివర్బ్ పెడల్ పెట్టొచ్చా?

మీ కోర్గ్ మినీలాగ్ సింథ్ సౌండ్ మరీ పొడిగా ఉందనీ, ఫ్రెండ్ దగ్గర తెచ్చిన గిటార్ రివర్బ్ పెడల్ (సౌండ్‌కి గదిలో మోగినట్టు ప్రతిధ్వని చేర్చే పెట్టె) పెడితే సౌండ్ చిరిగినట్టు వస్తోందనీ రాశారు. పెడల్ పాడవలేదు. గిటార్ పికప్ ఇచ్చే సిగ్నల్ చిన్నది, సింథ్ ఇచ్చే సిగ్నల్ (లైన్ లెవెల్ అంటారు) దానికంటే చాలా పెద్దది, అందుకే చిరుగుతోంది. సింథ్ వాల్యూమ్ సగానికి తగ్గించి, నాలుగు నోట్లు కలిపి గట్టిగా నొక్కి చూడండి. చిరగకపోతే అక్కడే ఉంచేయండి.

నేను చెన్నై సాలిగ్రామంలో ఉంటాను. ఇంట్లో సింథ్‌లకి చాలాకాలంగా ఇలాంటి పెడల్సే వాడుతున్నాను. మినీలాగ్‌కి అవుట్‌పుట్ మోనోనే (ఎడమ, కుడి వేరుగా లేని ఒకే సిగ్నల్) కాబట్టి, ఒక ఇన్‌పుట్ తీసుకుని రెండు అవుట్‌పుట్లు ఇచ్చే స్టీరియో రివర్బ్ అయితే తేడా వెంటనే తెలుస్తుంది. బాస్ ఆర్‌వీ-6 అలాంటిదే. ఒకే పెట్టెలో కోరస్, డిలే కూడా కావాలంటే జూమ్ ఎంఎస్-70సీడీఆర్ చూడండి.

పెడల్‌ని సింథ్‌కీ స్పీకర్‌కీ మధ్య పెట్టేయకుండా, చిన్న మిక్సర్ ఉంటే దాని ఆక్స్ సెండ్‌లో (చానెల్ సౌండ్‌లో కొంత బయటి ఎఫెక్ట్‌కి పంపే దారి) పెట్టమంటాను. పెడల్ నుంచి రివర్బ్ ఒక్కటే వచ్చేలా దాని మిక్స్ నాబ్ పూర్తిగా కుడికి తిప్పి, తిరిగొచ్చే రెండు వైర్లనీ రెండు చానెళ్లలో పెట్టి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పాన్ చేయండి. అసలు సౌండ్ చెక్కుచెదరదు, ఎంత రివర్బ్ కావాలో ఆక్స్ నాబ్‌తో వేస్తారు. రెండో సింథ్ కొన్నా అదే పెడల్ సరిపోతుంది. ఆ తిరిగొచ్చే చానెళ్లలో మాత్రం ఆక్స్ సున్నాలోనే ఉండాలి, లేకపోతే కూత మొదలవుతుంది. అక్కడే 200 హెర్ట్జ్ కింద ఉన్న బరువు సౌండ్ తగ్గిస్తే బురదలా అనిపించదు. బేస్ లైన్లకి నేను రివర్బ్ అసలు వేయను.

నాకు అన్నిటికంటే ఉపయోగపడిన మాట మా వీధిలో ఉండే ఒక పెద్దాయన చెప్పారు. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ రికార్డింగుల్లో కీబోర్డ్ వాయించినవారు. నా ప్యాడ్ (సాగదీసి వాయించే మెత్తటి సౌండ్) విని, "రిలీజ్ తగ్గించు బాబూ, ఆ తోక రివర్బ్‌కి వదిలెయ్" అన్నారు. రిలీజ్ అంటే కీ వదిలాక సౌండ్ ఆగడానికి పట్టే సమయం. అది బాగా తగ్గించి, పదును తగ్గేలా ఫిల్టర్ కొంచెం మూసి వాయిస్తే, మార్చిన ప్రతి కార్డూ (కలిపి నొక్కే నోట్లు) విడిగా వినపడింది. అందుకే అంటున్నాను, రివర్బ్ ఆన్‌లో ఉంచుకునే ప్యాచ్ (సింథ్‌లో మీరు చేసుకునే సౌండ్ సెట్టింగ్) తయారు చేయండి. ప్యాచ్ అయిపోయాక పైన పూస్తే అన్నీ కలిసిపోతాయి. ప్రీ-డిలే (రివర్బ్ మొదలయ్యే ముందు ఆలస్యం) ఉంటే 20 నుంచి 40 మిల్లీసెకన్లు ఇవ్వండి, నోటు ముందు వినపడి వెనక గది వస్తుంది. లీడ్‌కి, అంటే ఒక్కో నోటుగా వాయించే ట్యూన్‌కి, ప్లేట్ సెట్టింగ్ బాగుంటుంది. ఆ పేరు పాత ప్లేట్ రివర్బ్ యంత్రాల నుంచి వచ్చింది; 1957లో వచ్చిన ఈఎంటీ 140లో పెద్ద ఉక్కు రేకు కంపించేది. దాని ప్రతిధ్వని మొదటి క్షణం నుంచే దట్టంగా ఉంటుంది కాబట్టి విడిగా వాయించే నోటుకి బాగా అతుకుతుంది.

కంప్యూటర్‌లో రికార్డ్ చేయడం ఒక్కటే మీ పని అయితే ప్లగిన్ (సాఫ్ట్‌వేర్ రివర్బ్) చాలు, డబ్బు దాచుకోండి. చేత్తో తిప్పుతూ వాయించాలంటేనే పెడల్ కొనండి.

గుయ్ మనే చప్పుడు వస్తే, పెడల్స్ అన్నిటికీ ఒకే అడాప్టర్ నుంచి కరెంటు ఇస్తున్నారేమో ముందు చూడండి. విడివిడి అవుట్‌పుట్లున్న పవర్ సప్లై పెడితే చాలాసార్లు పోతుంది. కేబుళ్లు, కాంటాక్ట్ క్లీనర్ నేను ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొంటాను. ఈ ఉప్పుగాలికి జాక్‌లు తొందరగా గరగరమంటాయి. సెకండ్ హ్యాండ్‌లో పాత అలెసిస్ మిడివెర్బ్ లాంటి రివర్బ్ పెట్టె దొరికితే దాని అడాప్టర్ కూడా అడిగి తీసుకోండి. దానికి కావలసింది 9 వోల్టుల ఏసీ, పెడల్స్‌కి వాడే డీసీ అడాప్టర్ పనికిరాదు.