పైకి వెళ్తే చలి, ఇంకా పైకి వెళ్తే వేడి ఎందుకు?

మీ పాప అడిగింది చాలా మంచి ప్రశ్నండీ: 'పైకి వెళ్తే సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి చలెందుకు? ఇంకా పైనుండే స్ట్రాటోస్ఫియర్ అనే గాలిపొరలో మళ్లీ వేడెందుకు?'

ఎండ ముందు నేలను కాలుస్తుంది, నేల గాలిని వేడెక్కిస్తుంది. వేసవి సాయంత్రం డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడమనండి, కింది నుంచి సెగ తెలుస్తుంది. అందుకే నేలను ఆనుకుని ఉండే గాలిపొర ట్రోపోస్ఫియర్‌లో ఉష్ణోగ్రత కిలోమీటరుకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతూ పోయి, మన హైదరాబాద్ మీద 16, 17 కిలోమీటర్ల ఎత్తున మైనస్ 80 దాకా పడిపోతుంది. ఆ పైన స్ట్రాటోస్ఫియర్‌లో ఓజోన్ అనే వాయువు ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని గాలిని వేడెక్కిస్తుంది. లెక్క తిరగబడేది అక్కడే.

మన ఈసీఐఎల్ దగ్గర పరిశోధన సంస్థ టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది కదా. పాల ప్యాకెట్ కన్నా పల్చటి ప్లాస్టిక్ బెలూన్లు ఆ చలిని దాటుకునే 30 కిలోమీటర్ల పైకి వెళ్తాయి. పాపకు ఇది తప్పకుండా చెప్పండి.