పిచర్ ప్లాంట్: చీటీని నమ్మొద్దు, కూజాని చూడండి

ప్రశ్న: నర్సరీలో 'నెపెంథిస్ ఖాసియానా' అని చీటీ ఉన్న పిచర్ ప్లాంట్ (కూజాల్లో పురుగుల్ని పట్టి తినే మొక్క) కొన్నాను. కూజాలు ఎర్రగా, నడుము దగ్గర నొక్కినట్టు సన్నగా ఉన్నాయి. నెట్‌లో చూసిన ఫొటోలతో పోలడం లేదు. ఇది ఖాసియానాయేనా? (పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: కాదనే అనిపిస్తోందండీ. ఆ సన్నని నడుము ఫిలిప్పీన్స్ జాతి వెంట్రికోసాది. వేలాడే కుండీల్లో అమ్మే చాలా మొక్కలు దాని సంకరమైన 'వెంట్రాటా'. గట్టి మొక్క, చవగ్గా పెరుగుతుంది, అందుకే అన్ని దుకాణాల్లోనూ అదే. విదేశాల్లో దీన్నే 'అలాటా' అని అమ్ముతుంటారు. ఖాసియానా కూజాకి నడుము నొక్కు ఉండదు. అడుగున కాస్త ఉబ్బి, పైకి గొట్టంలా సాగుతుంది. కూజా పెద్దదై, ఎర్ర మచ్చలతో, నోటి అంచు వెడల్పుగా చారలు చారలుగా ఉంటే 'మిరాండా' కావచ్చు. గుండ్రటి చిన్న కుండలా ఉండి, మూత వెనక్కి వాలిపోయి ఉంటే అది ఆంపులేరియా, లేదా దాని సంకరం.

ఒక చిక్కుంది. లేత మొక్క కింది కూజాలకు ముందువైపు రెండు రెక్కలుంటాయి, తీగ సాగాక వచ్చే పై కూజాలకు అవి దాదాపు ఉండవు. ఒకే మొక్క రెండు జాతుల్లా కనిపిస్తుంది. పూర్తిగా ఎదిగిన కూజా వచ్చాకే పేరు తేల్చండి.

అసలు ఖాసియానా మేఘాలయ కొండలది. మన దేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ (ఈ పిచర్ ప్లాంట్ల కుటుంబం పేరు) జాతి అదొక్కటే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ ఉంది. అడవిలోంచి పీకడం నేరం, పెంచి అమ్మడానికి లైసెన్సు కావాలి. ఎవరైనా నిజంగా ఖాసియానా అని అమ్మితే ఎక్కడ పెంచారో అడగండి. మీ విషయంలో చీటీ తప్పు కావడమే మంచిది! వెంట్రాటా మన ఎండలకు కూడా బాగానే తట్టుకుంటుంది.

ప్రశ్న: కొత్తగా తెచ్చిన పిచర్ ప్లాంట్‌ని ఎర్రమట్టి, వర్మీకంపోస్టు కలిపి పెద్ద కుండీలోకి మార్చాను. వేళ్లు నల్లగా ఉంటే కుళ్లాయనుకుని కొన్ని కత్తిరించాను. ఇప్పుడు ఆకుల అంచులు మాడుతున్నాయి, కూజాలన్నీ ఎండాయి. (పాఠకుడు, గుంటూరు)

జవాబు: నెపెంథిస్ వేళ్లు ఆరోగ్యంగా ఉన్నా నల్లగానే, వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి. కుళ్లిన వేరు పట్టుకుంటే మెత్తగా ఉండి పైతోలు ఊడి వస్తుంది, వాసన కొడుతుంది. రంగు చూసి కత్తెర పట్టకండి. అంతకన్నా పెద్ద దెబ్బ వర్మీకంపోస్టు. సారం లేని నేలలో పురుగుల్ని తిని బతికే మొక్క ఇది. ఎరువులోని లవణాలు దాని వేళ్లను కాల్చేస్తాయి. ఎర్రమట్టి నీళ్లు పోసేకొద్దీ బిగుసుకుని వేళ్లకు గాలి ఆడనివ్వదు.

ఇవాళే మార్చండి. మొక్కను కుండీతో సహా వంచి మట్టిగడ్డను మొత్తంగా బయటికి జార్చండి, కాండం పట్టి లాగొద్దు. టబ్బులో ఆర్‌వో నీళ్లు పోసి గడ్డను అందులో ముంచి, మట్టి దానంతటదే విడిపోయేలా మెల్లగా కదపండి. మధ్యలో చిన్న జాలీ సంచి కనిపిస్తే అది చిన్న మొక్కగా పెంచినప్పుడు వేసినది. దాన్ని లాగకుండా కత్తెరతో రెండు మూడు చోట్ల చీల్చి, సులువుగా వచ్చినంత మేరకే తీయండి.

మిశ్రమానికి అరంగుళం కొబ్బరి చిప్స్ 2 పాళ్లు, పొడవాటి స్ఫాగ్నమ్ మాస్ (నీటిని పట్టి ఉంచే ఎండు నాచు) 2 పాళ్లు, పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు) 1 పాలు. ఇటుకల్లా అమ్మే కోకోపీట్ పొడి వద్దు, బురదలా ముద్దకడుతుంది. కొబ్బరి చిప్స్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి రాత్రంతా ఆర్‌వో నీళ్లలో నానబెట్టి పారబోయండి. పిండిన నీటి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 100 పీపీఎం లోపు వచ్చేదాకా ఇలా మళ్లీ మళ్లీ చేయాలి. కుండీ 5 లేదా 6 అంగుళాల తెల్ల ప్లాస్టిక్‌ది, అడుగున చాలా రంధ్రాలున్నది తీసుకోండి. మట్టికుండీ తొందరగా ఆరిపోతుంది, గోడల్లో లవణాలు పేరుకుంటాయి. కాండం ఇంతకుముందున్న లోతులోనే ఉంచి, మిశ్రమాన్ని వేళ్ల చుట్టూ వదులుగా పోయండి. వేళ్లు బాగా తగ్గాయి కాబట్టి పెద్ద ఆకుల్ని సగానికి కత్తిరించవచ్చు. భరోసాగా పైభాగంలోంచి మూడు కణుపుల ముక్క ఒకటి కోసి, తడి స్ఫాగ్నమ్‌లో విడిగా గుచ్చి పెట్టండి.

ఇక నీళ్లు. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు రెండూ వద్దు. వాననీళ్లు, లేదా ఆర్‌వో నీళ్లు. ఇంట్లో ఆర్‌వోకి మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటే అది లవణాలు మళ్లీ కలుపుతుంది. టీడీఎస్ మీటరుతో కొలిస్తే 50 లోపు ఉండాలి. పైనుంచి ధారాళంగా పోసి కిందకు కారనివ్వండి. పళ్లెంలో నీళ్లు నిలవ ఉంచొద్దు. రెండు వారాలు నీడలో, పారదర్శక కవర్ వదులుగా కప్పి ఉంచండి, తర్వాత తూర్పు బాల్కనీలోకి. నేరుగా ఎండ తగిలేచోట కవర్ ఉంచితే మొక్క ఉడికిపోతుంది.

కొన ఎండిన ఆకుకు మళ్లీ కూజా రాదు. కొత్త ఆకుల కోసమే చూడాలి, అదీ రెండు మూడు నెలలు పట్టొచ్చు. మొక్క బాగానే ఉంటే వేసవిలో కుండీ మార్చకండి, తొలకరి పడ్డాక మార్చుకోవచ్చు. మీది ప్రాణం మీదికొచ్చిన కేసు, ఆగే వీల్లేదు.

ప్రశ్న: స్టోర్లో 'కోబ్రా లిల్లీ' అని ప్లాస్టిక్ డబ్బాలో అమ్మితే కొన్నాను. గొట్టాలు నేలలోంచే వస్తున్నాయి, పైన పడగ ఉంది. (పాఠకురాలు, న్యూజెర్సీ)

జవాబు: పడగ కింద చేపతోకలా చీలిన నాలుక ఉందా? ఉంటేనే అది కోబ్రా లిల్లీ, అంటే డార్లింగ్టోనియా. లేకపోతే సరసీనియా అనే మరో పిచర్ ప్లాంట్. పడగ ఉన్న సరసీనియాల్లో మైనర్, సిటాసీనా అనే జాతులు, వాటి సంకరాలు ఎక్కువగా దొరుకుతాయి. పై జవాబుల్లో నెపెంథిస్‌కు చెప్పినదానికి సరసీనియాను పెంచే పద్ధతి చాలావరకు వ్యతిరేకం. ఎరువు కలపని పీట్ (చిత్తడి నేలల్లో పేరుకున్న పాత నాచు), పెర్లైట్ సమపాళ్లు, పళ్లెంలో అంగుళం వాననీళ్లు, ఆరు గంటల నేరు ఎండ. శీతాకాలంలో మూడు నాలుగు నెలల చలినిద్ర తప్పదు. వెచ్చటి హాల్లో పెడితే ఏడాది రెండేళ్లలో చస్తుంది. వేడి పెట్టని గరాజులో కిటికీ పక్కన ఉంచి, మిశ్రమం తడిగా ఉంటే చాలు. కుండీ మార్చాల్సింది చలి చివర్లో, కొత్త చిగురు రాకముందే.

ప్రశ్న: బండిమీద తెస్తుంటే నెపెంథిస్ కూజాల్లోని నీళ్లు ఒలికిపోయాయి. నింపాలా? చికెన్ ముక్క వేయొచ్చా? (పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: ప్రతి కూజాలో ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తు ఆర్‌వో నీళ్లు పోయండి చాలు, నోటిదాకా వద్దు. చికెన్ అసలే వద్దు, అరగకముందే కుళ్లి కూజా గోధుమరంగులోకి తిరుగుతుంది. బాల్కనీలో చీమలు వాటంతటవే పడతాయి.