ఈస్ట్ ఇన్ఫెక్షన్లకు కొత్త మందు లక్ష్యాలను ఎలా వెతుకుతారు?

పొలంలో చల్లే మందుకూ, వేళ్ల సందుల్లో చేరే కాండిడా అనే ఈస్ట్‌కు రాసే పూతకూ పోలిక ఉందా, ఉంటే కొత్త మందును ఎక్కడ వెతకాలి అన్నది ప్రశ్న. పోలిక ఉంది. గోదావరి డెల్టాలో వరి పాముపొడ తెగులుకు వాడే హెక్సాకోనజోల్, చర్మానికి రాసే క్లోట్రిమజోల్ రెండూ అజోల్ మందులే; శిలీంధ్ర కణపొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారీలో ఒకే ఎంజైమును అడ్డుకుంటాయి.

అసలు చిక్కు ఏమిటంటే, ఈస్ట్ బాక్టీరియా కాదు; దాని కణంలోనూ మన కణంలాగే కేంద్రకం ఉంటుంది, చాలా ప్రోటీన్లు దగ్గరి పోలికతో ఉంటాయి. కనుక దానికి ప్రాణావసరమై, మనలో లేని భాగమో, బాగా వేరైన భాగమో మందుకు లక్ష్యంగా కావాలి. ఈస్ట్ కణానికి ఉండే కణకవచం మన కణాలకు లేదు గనుకనే, ఆ కవచంలోని గ్లూకాన్ అనే పదార్థం తయారీని ఆపే కాస్పోఫంగిన్ మందు 2001లో వాడుకలోకి రాగలిగింది.

కాండిడా ఆల్బికాన్స్‌లో సాధారణంగా ప్రతి జన్యువుకు రెండు ప్రతులుంటాయి. ఒకదాన్ని తొలగించి, రెండోదాన్ని అణచినప్పుడు కణం చనిపోతే ఆ జన్యువు అత్యవసరమని తేలుతుంది. ఒక్క ప్రతే మిగిలిన కణం ఏదైనా రసాయనానికి మామూలుకన్నా త్వరగా లొంగితే, ఆ రసాయనం తాకేది ఆ జన్యువు చేసే ప్రోటీన్‌నే కావచ్చు. ప్రయోగశాలలో అత్యవసరమైనది శరీరంలో కాకపోవచ్చు కనుక ఎలుకల్లోనూ పరీక్షించడం తప్పనిసరి.

ఇలా దొరికిన లక్ష్యాన్ని పంటమందులకు వాడకుండా కాపాడాలన్నది నా గట్టి అభిప్రాయం. పొలాల్లోని అజోల్‌ల వల్ల, ఊపిరితిత్తులకు సోకే శిలీంధ్రమైన ఆస్పర్‌జిల్లస్‌లో నిరోధకత పెరగడం ఇప్పటికే చూశాం.