బ్రిటన్‌లో షాట్‌గన్ సర్టిఫికెట్ (తుపాకీ లైసెన్సు) రెన్యువల్‌కి మా జీపీ (ఫ్యామిలీ డాక్టర్) మెడికల్ రిపోర్ట్ ఇవ్వనంటున్నారు. ఇప్పుడేం చేయాలి?

కంగారు పడకండి. రిపోర్ట్ మీ జీపీయే ఇవ్వాలని రూలేమీ లేదు. జనరల్ మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరై, ప్రాక్టీసు లైసెన్సు ఉన్న డాక్టర్ ఎవరైనా ఇవ్వొచ్చు. కాకపోతే ఆయన మీ జీపీ రికార్డు చూసి రాయాలి. మీరు నోటితో చెప్పింది విని రాసిస్తే చెల్లదు. ఇది ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) కింద ఉచితంగా చేసే పని కాదు, నిర్ణీత ఫీజూ లేదు. అందుకే నలుగురిని అడిగి చూసుకోండి.

2021 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో జరిగిన కాల్పుల తర్వాత, అదే ఏడాది నవంబరు 1 నుంచి ఈ రిపోర్ట్ లేకుండా పోలీసులు సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు, మూర్ఛ, మతిమరుపు జబ్బు, మద్యం లేదా డ్రగ్స్ అలవాటు లాంటివి రికార్డులో ఉంటే డాక్టర్ రాస్తారు. తుపాకీ ఇవ్వొచ్చా లేదా అన్నది మాత్రం పోలీసులే తేలుస్తారు. ఎప్పుడో డిప్రెషన్‌కి మందులు వాడారని రెన్యువల్ దానంతట అదే ఆగిపోదు, కాబట్టి దయచేసి ఏదీ దాచకండి. తుపాకీ దక్కదేమోనని భయపడి చికిత్సకే వెళ్లకపోవడం అన్నిటికన్నా ప్రమాదం.

గడువు ముగియడానికి కనీసం 8 వారాల ముందు పోలీసులకు దరఖాస్తు చేరేలా చూసుకోండి. అప్పుడు వాళ్ల వైపు ఆలస్యమైనా పాత సర్టిఫికెట్ మరో 8 వారాల వరకు చెల్లుతుంది.