కన్వర్టర్ డబ్బా మీది అంకె ఎవరి ఇంజనుది?

ప్రశ్న: నా కారులో షెవ్రొలే 350 వీ8 ఇంజను. 0.050 అంగుళాల లిఫ్ట్ దగ్గర 224 డిగ్రీల డ్యురేషన్ (వాల్వు తెరిచి ఉండే కాలం) ఉన్న క్యామ్, నాలుగు బ్యారెళ్ల కార్బొరేటర్, హెడర్లు వేయించాను. గేర్‌బాక్స్ టర్బో 350. వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 3.08, టైరు ఎత్తు 26 అంగుళాలు. టార్క్ కన్వర్టర్ (ఇంజను బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) మాత్రం కంపెనీ వేసిందే. సిగ్నల్ దగ్గర డ్రైవ్‌లో ఉంచి ఆగితే ఇంజను ఆగిపోబోతుంది. ఐడిల్ పెంచితే బ్రేకు మీదే బండి ముందుకు తోసుకుపోతోంది. 3,500 స్టాల్ కన్వర్టర్ వేసెయ్యమని స్నేహితుడి సలహా. రోజూ తిరిగే బండి. ఏది కొనమంటారు?

జవాబు: ఆ స్నేహితుడి కారు రోజూ ట్రాఫిక్‌లో తిరుగుతుందా, డ్రాగ్ స్ట్రిప్‌కే వెళ్తుందా? ముందు అదడగండి. మీ బండికి 3,500 వద్దు. 2,200 నుంచి 2,400 మధ్య చాలు.

మీ ఇబ్బంది మాత్రం నిజమైనదే. క్యామ్ పెద్దదైతే ఐడిల్‌లో టార్క్ పడిపోతుంది. కంపెనీ కన్వర్టర్ టైటు, అంటే తక్కువ ఆర్‌పీఎంలోనే ఇంజనును పట్టేస్తుంది. ఐడిల్ ఎంత పెంచితే అది ఇంజను మీద వేసే బరువు అంతకు వర్గంలో పెరుగుతుంది. అందుకే ఐడిల్ స్క్రూ తిప్పినకొద్దీ మీ కాలే బ్రేకు మీద బిగుసుకుంటోంది. కన్వర్టర్ కొనేముందు టైమింగ్ లైటు పెట్టి చూడండి. క్యామ్ మార్చాక కూడా ఇనీషియల్ టైమింగ్ (ఐడిల్‌లో స్పార్క్ ఎంత ముందుగా పడాలనే లెక్క) ఫ్యాక్టరీ లెక్కనే వదిలేసిన బళ్లు నా దగ్గరికి చాలా వస్తాయి. 12, 14 డిగ్రీలకు జరిపితే సగం గొడవ అక్కడే తీరుతుంది. జరిపాక స్పార్క్ మొత్తం అడ్వాన్స్ హద్దు దాటకుండా చూసుకోవాలి.

ఇక ఆ స్టాల్ అంకె సంగతి. టర్బైన్‌ను (కన్వర్టర్‌లో గేర్‌బాక్స్‌ను తిప్పే చక్రం) కదలనివ్వకుండా పట్టి, థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే ఇంజను ఎంత ఆర్‌పీఎం దాకా వెళ్లి ఆగుతుందో అదే స్టాల్. అది కన్వర్టర్ ఒక్కదాని గుణం కాదు. స్థూలంగా ఇంజను టార్క్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 300 పౌండ్-అడుగుల టార్క్ ఇచ్చే ఇంజను వెనక 2,400 చూపించే కన్వర్టర్‌నే 400 ఇంజనుకు బిగిస్తే సుమారు 2,770 చూపిస్తుంది. 200 ఇంజనుకు 1,960 దాటదు. కాబట్టి డబ్బా మీద 2,400 అని ఉంటే, ‘ఎవరి ఇంజనుకు?’ అని అడగండి. నిఖార్సయిన తయారీదారుడు మీ బండి బరువు, యాక్సిల్, టైరు, క్యామ్, గేరులో ఉన్నప్పటి ఐడిల్ వ్యాక్యూమ్ అడక్కుండా అంకె చెప్పడు. అవేమీ అడగకుండా అమ్మేవాడి దగ్గర నేనైతే కొనను.

2,400 స్టాల్ వేస్తే 2,400 దాకా బండి కదలదనుకుంటారు చాలామంది. ఉత్త భయం. పావు వంతు టార్క్‌తో మెల్లగా లాగితే అదే కన్వర్టర్‌కు స్టాల్ 1,200 దగ్గరే ఉంటుంది. బండి ఇంకా ముందే కదులుతుంది.

మరి ఎక్కువ వేస్తే నష్టమేమిటి? గంటకు 100 కిలోమీటర్ల దగ్గర మీ టైరు నిమిషానికి 803 చుట్లు తిరుగుతుంది. 3.08తో హెచ్చవేస్తే ఇంజను 2,470 చిల్లర. మీ గేర్‌బాక్స్‌లో లాకప్ (కన్వర్టర్ జారకుండా పట్టే క్లచ్) లేదు, ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజను ఆర్‌పీఎం తగ్గించే పై గేరు) లేదు. 3,500 కన్వర్టర్ వేస్తే హైవే అంతా స్టాల్ కిందే నడుపుతారు. ఎత్తు ఎక్కినా, ఎవరినైనా దాటబోయినా ఆర్‌పీఎం సూది పైకి లేస్తుంది, బండి లేవదు. ఆ జారుడంతా నూనెలో వేడిగా దిగుతుంది. 80 డిగ్రీల సెల్సియస్ దాటాక ప్రతి 11 డిగ్రీలకు గేర్ నూనె ఆయుష్షు సగమవుతుందని మా పనిలో లెక్క. 2,300 వేసినా సరే, విడిగా ఒక కూలర్, ఒక టెంపరేచర్ మీటరు పెట్టించండి.

పరుగు కూడా కావాలంటే యాక్సిల్ 3.73కు మార్చండి. అదే వేగంలో ఇంజను 3,000 దగ్గర తిరుగుతుంది. అప్పుడు 2,600 దాకా వెళ్లొచ్చు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది మరి.

ప్రశ్న: నాది లాకప్, ఓవర్‌డ్రైవ్ ఉన్న 700ఆర్4 గేర్‌బాక్స్, 3.73 యాక్సిల్, టైరు 26 అంగుళాలే. ఓవర్‌డ్రైవ్‌లో 100 దగ్గర 2,100 చూపిస్తోంది. 2,600 స్టాల్ పెడితే హైవే మీద నూనె ఉడికిపోతుందా?

జవాబు: లాకప్ పనిచేస్తే ఉడకదు. క్లచ్ పట్టాక కన్వర్టర్ జారదు, స్టాల్ ఎంతైనా ఒకటే. పట్టినప్పుడు ఆర్‌పీఎం గబుక్కున కొన్ని వందలు దిగాలి. దిగకపోతే స్టాల్ సంగతి పక్కనపెట్టి ముందు వైరింగు, సోలినాయిడ్ చూపించండి. లాకప్ వైరు పీకేసి తిరిగేవాళ్లకు మాత్రం ఈ జవాబు వర్తించదు.

ప్రశ్న: కొత్త కన్వర్టర్ వేసుకుని గేర్‌బాక్స్ ఎక్కించాం. ఫ్లెక్స్‌ప్లేటుకు (ఇంజను వెనక కన్వర్టర్‌ను బిగించే పళ్లెం) బోల్టులు వేస్తే కన్వర్టర్ బిర్రుగా తగులుకుపోయింది, చేత్తో తిరగడం లేదు. బోల్టులు బిగిస్తే సర్దుకుంటుందా?

జవాబు: ఇంజను స్టార్ట్ చేయకండి! బోల్టులు వేయకముందు కన్వర్టర్‌కూ ఫ్లెక్స్‌ప్లేటుకూ మధ్య సుమారు 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. లేదంటే కన్వర్టర్ హబ్ గేర్‌బాక్స్ నూనె పంపు గేరులో కూర్చోలేదన్నమాట. అలాగే బిగిస్తే పంపు పగులుతుంది. గేర్‌బాక్స్ దించండి. కన్వర్టర్‌లో ఒక లీటరు నూనె పోసి, తిప్పుతూ లోపలికి తొయ్యండి. ఒక్క ‘టక్’ వినగానే ఆగిపోకండి, రెండో మూడో సార్లు దిగాలి. ఎక్కించేటప్పుడు అది మళ్లీ ముందుకు జారకుండా ఒకరిని పట్టుకోమనండి.