1741 నుంచి మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

స్వీడన్ రాజనీతిజ్ఞుడు కార్ల్ గుస్టాఫ్ టెస్సిన్ మీద నువ్వు రాస్తున్న జీవితచరిత్రలోంచి పంపిన పేజీలన్నీ చదివాను. తేటగా రాశావు, శ్రద్ధగా చదివి రాశావని తెలుస్తూనే ఉంది. కానీ ఆ మనిషి ఇంకా నీ పేజీల్లోకి రాలేదు. 1695లో పుట్టాడు. తాత డ్రాట్నింగ్‌హోం భవనానికీ, తండ్రి స్టాక్‌హోం రాజప్రాసాదానికీ రూపం ఇచ్చిన వాస్తుశిల్పులు. తను 1738లో ప్రభువుల సభకు అధ్యక్షుడయ్యాడు, పారిస్‌కు రాయబారిగా వెళ్ళాడు, తిరిగొచ్చాక ప్రభుత్వాన్ని నడిపాడు, 1770లో పోయాడు. అన్నీ నిజాలే. అయినా సంతాపసభలో చదివే పరిచయపత్రంలా ఉంది.

పుట్టుక దగ్గర మొదలుపెట్టకు. 1741 దగ్గర మొదలుపెట్టు. ఆ ఒక్క ఏడాదిలో ఆయన మొత్తం కనిపిస్తాడు.

ఆ వసంతకాలంలో పారిస్‌లో, అంతకు ముందు ఏడాది చనిపోయిన పియెర్ క్రోజా అనే ధనికుడి చిత్రలేఖనాలు వేలానికి వచ్చాయి. వేలకొద్దీ కాగితాలు, కట్టలు కట్టి అమ్మారు. మన రాయబారి అందులో 2,000కు పైగా కొన్నాడు. రాఫేల్, రెంబ్రాంట్ లాంటివాళ్ళ చేతిగీతలు! వాటికి తగ్గ డబ్బు ఆయన దగ్గర లేదు. అక్కడ కాస్త ఆగు. ఇల్లు, విందులు, బట్టలు, బొమ్మలు అన్నీ అప్పు మీదే నడుపుతున్న మనిషి, ఇంకో కట్ట పాడుతుంటే ఎందుకు నోరు మూసుకోలేకపోయాడు? నీ పుస్తకానికి ఇదే ప్రాణం. డబ్బున్నవాడి ముచ్చట అని ఒక్క వాక్యంలో దాటేశావు. అది నాకు బాధ కలిగించింది.

అదే ఏడాది షార్డాన్ ఆయన కోసం ఒక చిన్న చిత్రం పూర్తి చేశాడు. అమ్మ కూతురి తలపాగా సర్దుతోంది, ఇద్దరూ చర్చికి బయల్దేరబోతున్నారు. పిల్ల కదలకుండా నిలబడింది గానీ చూపు మాత్రం ఓరగా అద్దం వైపు పోయింది. నువ్వు స్టాక్‌హోంలోనే ఉంటున్నావు కదా, నేషనల్ మ్యూజియానికి వెళ్ళి ఆ చూపు దగ్గర నిలబడు. అంతకు ముందు ఏడాది బూషే వేసిన వీనస్ చిత్రం కూడా అక్కడే ఉంది. సముద్రం, డాల్ఫిన్లు, పైన గాలికి ఎగిరే చారల వస్త్రం, అంతా ఆర్భాటం. ఊద్రీ చేత తన కుక్క పేర్‌ను కూడా వేయించుకున్నాడు, పక్కన వేట జంతువులు, తుపాకీ. ఆ ఆర్భాటాన్నీ, ఆ పిల్ల ఓరచూపునూ ఒకే మనిషి ప్రేమించాడు. ఆయన రసజ్ఞుడని నువ్వు అయిదుచోట్ల అన్నావు. ఆ మాట తీసేసి ఈ మూడు చిత్రాలూ చూపించు.

మనిద్దరికీ దగ్గరి సంగతి ఇంకొకటుంది. ఆ ఏడాదే టెస్సిన్ ఫ్రెంచిలో ఒక కాల్పనిక కథ రాసి, దానికి బూషేతో బొమ్మలు వేయించాడు. ఆయన స్వీడన్ వెళ్ళిపోయాక ఆ బొమ్మల పలకలు పారిస్‌లో మిగిలిపోయాయి. దుక్లో అనే రచయిత ఆ బొమ్మలకు సరిపడా వేరే కథ అల్లి 1744లో అచ్చువేశాడు. దాన్ని పాదసూచికలో పడేశావు. పైకి తీసుకురా, పూర్తిగా చెప్పు.

ఇప్పుడు కష్టమైన భాగం. ఆ వేలం ముగిసిన కొద్ది నెలలకే స్వీడన్ రష్యా మీద యుద్ధం ప్రకటించింది. ఆ నిర్ణయం అప్పుడు స్వీడన్‌ను ఏలుతున్న ‘టోపీల పార్టీ’ది; దాని నాయకుల్లో టెస్సిన్ ఒకడు. ధైర్యం ఫ్రాన్సు ఇచ్చే సొమ్ము చూసుకుని వచ్చింది. పారిస్‌లో ఆయన పని ఆ స్నేహాన్ని నిలబెట్టడమే. రెండేళ్ళలో అంతా కూలిపోయింది. 1743లో రష్యాతో చేసుకున్న ఓబో సంధి కింద, అప్పట్లో స్వీడన్ చేతిలో ఉన్న ఫిన్లాండ్‌లో కొంత భాగం పోయింది. ఓటమికి బాధ్యులని లెవెన్‌హౌప్ట్, బుడెన్‌బ్రాక్ అనే ఇద్దరు సేనానుల తలలు తీశారు. పార్టీ పెద్దలు మాత్రం పదవుల్లోనే ఉన్నారు.

నువ్వు చిత్రాలను ఒక అధ్యాయంలో, యుద్ధాన్ని మరో అధ్యాయంలో పెట్టావు. అలా చేస్తే ఆయన్ని కాపాడినట్టవుతుంది. రెండూ పక్కపక్కనే ఉండాలి. నా మటుకు నాకు వాటి మూలం ఒకటే అనిపిస్తుంది: తన దేశం మళ్ళీ ఘనంగా కనిపించాలన్న ఆరాటం, దానికి ఖర్చు ఎవరో ఒకరు భరిస్తారన్న నమ్మకం. నువ్వు ఒప్పుకోకపోవచ్చు. కానీ ఏదో ఒక అభిప్రాయం నీకంటూ ఉండాలి, అది పాఠకుడికి తెలియాలి.

మిగతాది త్వరగా నడుస్తుంది. అప్పులు మెడకు చుట్టుకుని 1749లో చిత్రాలు స్వీడన్ రాజు ఫ్రెడరిక్‌కు అమ్మాడు, మరుసటి ఏడాది క్రోజా చిత్రలేఖనాలు యువరాజు అడాల్ఫ్ ఫ్రెడరిక్‌కు ఇచ్చేశాడు. ఆ యువరాజుకు పెళ్ళికూతురిగా 1744లో బెర్లిన్ నుంచి తానే వెంటబెట్టుకొచ్చిన లొవీసా ఉల్రీకాతో చెడింది. ఆమె కొడుకు గుస్టావ్‌కు గురువుగా ఉన్న బాధ్యత కూడా 1754లో వదులుకున్నాడు. అయితే మొక్కలకూ జంతువులకూ శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ సంగతి తొందరపడి దాటకు. చేతిలో పని లేని రోజుల్లో ఆ వైద్యుడికి నౌకాదళంలో కొలువు దొరికేలా చూసింది టెస్సినే. 1758లో వచ్చిన తన మహాగ్రంథం ‘సిస్టెమా నాచురే’ పదో కూర్పును లిన్నేయస్ ఆయనకే అంకితమిచ్చాడు. అప్పటికి ఆ పెద్దాయన చేతిలో అధికారం లేదు.

తన పల్లె ఎస్టేటు ఓకెరోలో టెస్సిన్ రాసుకున్న దినచర్య సంపుటాలు నీకు దొరికాయని సంబరపడ్డావు. వాడుకో, కానీ నమ్మకంతో పాటు అనుమానం కూడా ఉంచుకో. పదవి పోయిన మనిషి తీరిగ్గా కూర్చుని రాసుకున్నవి అవి. ఆయన చెప్పిన ప్రతి సంగతికీ అప్పటి ఉత్తరమో, బాకీ కాగితమో వెతుకు.

చివరగా ఒక్క జాగ్రత్త. స్వీడన్ 1753 దాకా పాత కేలండరే వాడింది, పారిస్ అప్పటికే కొత్తది. రెండింటికీ 11 రోజుల తేడా. వేలం తేదీలు ఒక లెక్కలో, స్టాక్‌హోం నిర్ణయాలు ఇంకో లెక్కలో ఉంటాయి. ముందు రెండింటినీ ఒక దారికి తెచ్చి, ఆ ఏడాది సంఘటనలు వరుసగా ఒక కాగితం మీద రాసుకో. ఆ కాగితమూ, తిరగరాసిన మొదటి అధ్యాయమూ కలిపి పంపు.